వద్దనుకున్న తర్వాత మొదలయ్యే కథ

పెళ్లయిన ఏడాదికల్లా "ఏమైనా విశేషమా?" అని ఆరా తీయడం మన చుట్టాల సొత్తే అనుకుంటాం. నవలలకీ ఆ అలవాటు పాతదే. పిల్లలు లేని స్త్రీ కథలోకి వస్తే ఎందుకు లేరో సంజాయిషీ ఇచ్చుకోవాలి: మొక్కులు ఫలించలేదనో, మొగుడు మంచివాడు కాదనో. పిల్లలున్న పాత్రని మాత్రం ఎందుకు కన్నావని ఎవరూ అడగరు.

కెనడా రచయిత్రి షీలా హెటీ 'మదర్‌హుడ్' (2018)లో ఆ సంజాయిషీయే పుస్తకమంతా. నలభైకి దగ్గరపడుతున్న కథకురాలు కనాలా వద్దా అని తనతో తానే వాదించుకుంటుంది. మూడు నాణేలు ఎగరేసి ప్రశ్నలు వేస్తుంది. బొమ్మలు ఎక్కువ పడితే అవును, బొరుసులు ఎక్కువైతే కాదు. నాణేల సుగుణమేమిటంటే, అవి ఎదురు ప్రశ్న వేయవు. సహచరుడు మైల్స్‌కి ఇదివరకే ఒక కూతురుంది; నిర్ణయం నీదేనంటాడు. వినడానికి ఉదారంగానే ఉంటుంది, బరువు మాత్రం ఆమె నెత్తినే పడుతుంది. దానికి తోడు, నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డ అమ్మమ్మ జ్ఞాపకం ఒకటి. అంత కష్టపడి నిలిచిన వంశాన్ని తన దగ్గర ఆపేయవచ్చా అన్న ప్రశ్నకి నాణేలు చాలవు.

మెక్సికో రచయిత్రి గ్వాడలూపె నెట్టెల్ ఈ తర్జనభర్జనని మొదట్లోనే ముగించేసింది. ఆమె 'స్టిల్ బార్న్' స్పానిష్‌లో 2020లో వచ్చింది, ఇంగ్లీషు అనువాదం 2023లో అంతర్జాతీయ బుకర్ తుది జాబితాకెక్కింది. మన దగ్గర ఇద్దరు పుట్టాక చేయించుకునే ఆపరేషన్‌ని కథకురాలు లారా ఒక్కరూ పుట్టకుండానే చేయించుకుంటుంది. అసలు కథ ఆ తర్వాతే. తనలాగే వద్దనుకున్న స్నేహితురాలు అలీనా మనసు మార్చుకుని గర్భవతి అవుతుంది. పుట్టగానే పోతుందని డాక్టర్లు చెప్పిన పాప బతుకుతుంది. అలీనా ఆమెని పెంచే తీరు ఒకవైపు. పక్కింటి డోరిస్ కొడుకు నికొలాస్‌కి లారా మెల్లగా దగ్గరవడం ఇంకోవైపు. "చూశారా, ఆమెలోనూ తల్లి ఉంది" అని సంబరపడే పాఠకులుంటారు. వాళ్లు తొందరపడ్డారనే అంటాను. అలీనా పాపని చూసుకునే ఆయా మర్లీన్‌కి కూడా ఆ బిడ్డంటే ప్రాణమే. సాకడానికి కనే ఉండాలన్న షరతుని నవల కొట్టేస్తుంది, లారా నిర్ణయాన్ని కాదు.

జపాన్ రచయిత్రి మియెకో కవకామి 'బ్రెస్ట్స్ అండ్ ఎగ్స్'లో నాయిక నట్సుకో చివరికి బిడ్డని కంటుంది. అడగకుండా ఒకరిని ఈ లోకంలోకి లాక్కురావడం హింస అంటుంది యురికో అనే మరో పాత్ర. ఆమె వాదనకి నవలలో సరైన జవాబు దొరకదు. రచయిత్రి కూడా దొరికినట్టు నటించలేదు.

మూడింటిలో ఒక్కటే చదివే తీరిక ఉంటే నెట్టెల్‌ది చదవండి. హెటీ తెలివైన రచయిత్రే గానీ, ఆమె నవలలో వద్దనుకోవడమే ఒక ఉద్యోగం. నెట్టెల్ దగ్గర అది ఒక ఆపరేషన్‌తో ముగిసిన పని. మిగతా పేజీలన్నీ మనుషులకే మిగిలాయి.