గిడ్డంగి కెమెరాకు తగిన లెన్సు

కృష్ణా డెల్టాలోని మన సంఘముల గిడ్డంగులకు తాళముతోపాటు నిఘా కెమెరాను గూడ అమర్చుకొను కాలము వచ్చినది. లోపలనున్న ధాన్యపు బస్తాలు, ఎరువుల మూటలు, విత్తనములు, గోనెలు సభ్యులందఱి సొత్తు. వానిని కాపాడుటకు ధనము వెచ్చించుట న్యాయమే. కాని కెమెరాను గొనునపుడు మనవారు తఱచుగా రెండు ప్రశ్నలే యడుగుదురు: వెల యెంత? మెగాపిక్సెళ్లు ఎన్ని? లెన్సు ఎన్ని మిల్లీమీటర్లదని యడుగువారు అరుదు. ఈ మూడవ ప్రశ్నయే తక్కిన రెండింటికంటె ముఖ్యమైనదని మా యభిప్రాయము. ఏలననగా, దీనిని విస్మరించినచో కెమెరా యున్నను లేనట్లే. ఒక్కొక్కపుడు లేనిదే మేలనిపించును.

ఎట్లనగా, గిడ్డంగిలో బస్తాలు తగ్గినవనుకొందము. పాలకవర్గమువారు చిత్రమును తెఱచి చూతురు. తలకు తువాలు చుట్టుకొనిన మనిషి యొకడు కనబడును. ముఖము మాత్రము అలికినట్లుండును. అది ఫలానా హమాలీ నడకవలె నున్నదని యొకరు, కావలివాని భుజములవలె నున్నవని మఱొకరు అందురు. సాయంకాలమునకు రచ్చబండ యొద్ద నలుగురి పేర్లు నలుగును. అస్పష్టమైన చిత్రము దొంగను పట్టియీయదు సరిగదా, నిర్దోషిపై నింద మోపుటకు ఆధారమగును. సహకార సంఘమునకు నమ్మకమే మూలధనము. అది పోయిన పిమ్మట బస్తాలు దొరకినను ప్రయోజన మేమి?

లెన్సు చేయు పని

లెన్సనగా గాజు కటకము. అది యెదుటి దృశ్యమును కెమెరా లోపలనున్న సెన్సారను చిన్న బిళ్లపై పడవేయును. లెన్సుపై వ్రాసియుండు 2.8, 4, 6, 8, 12 మిల్లీమీటర్లను అంకెలు దాని నాభ్యంతరమును తెలుపును. ఈ యంకె చిన్నదైనకొలది దృశ్యము వెడల్పుగా కనబడును గాని యందలి ప్రతి వస్తువు చిన్నదగును. అంకె పెద్దదైనకొలది దృశ్యము ఇఱుకై, వస్తువు పెద్దదిగా కనబడును.

దీనిని కాలువ నీటితో పోల్చి చూడుడు. తూములో వచ్చు నీరు ఇంతయని యున్నది. దానిని పదియెకరములకు పారించినచో నేల తడిసియు తడియకుండును. రెండెకరములకే పారించినచో దమ్మునకు చాలును. కెమెరాలోని చుక్కలు, అనగా పిక్సెళ్లు, ఆ నీటివంటివి. 2 మెగాపిక్సెళ్ల కెమెరాకు అడ్డముగా 1920 చుక్కలు గలవు. వానిని ఎంత వెడల్పున పఱచవలయునో నిర్ణయించునది లెన్సే.

లెక్క సులభము. సెన్సారు వెడల్పును దూరముచే గుణించి లెన్సు అంకెచే భాగించినచో, కనబడు వెడల్పు వచ్చును. 1/3 అంగుళము తరగతి సెన్సారు వెడల్పు సుమారు 4.8 మిల్లీమీటర్లు. 10 మీటర్ల దూరమున, అనగా సుమారు 33 అడుగులలో, ఫలితము లిట్లుండును:

2.8 లెన్సు: వెడల్పు 17 మీటర్లు, మీటరునకు 112 చుక్కలు.
4 లెన్సు: వెడల్పు 12 మీటర్లు, మీటరునకు 160 చుక్కలు.
6 లెన్సు: వెడల్పు 8 మీటర్లు; మీటరునకు 240 చుక్కలు.
8 లెన్సు: వెడల్పు 6 మీటర్లు, మీటరునకు 320 చుక్కలు.
12 లెన్సు: వెడల్పు 4 మీటర్లు, మీటరునకు 480 చుక్కలు.

దూరము రెట్టింపైనచో వెడల్పు రెట్టింపగును, చుక్కలు సగమగును.

ఎన్ని చుక్కలు చాలునను ప్రశ్నకు అంతర్జాతీయ ప్రమాణ మొకటి కలదు. ఐ.ఇ.సి. 62676 నాలుగవ భాగపు 2014 నాటి కూర్పు ననుసరించి, మనిషి యున్నాడని తెలియుటకు మీటరునకు 25 చుక్కలు, ఎఱిగినవానిని పోల్చుకొనుటకు 125, ఎఱుగనివానిని నిస్సందేహముగ గుర్తించుటకు 250 కావలయును. పై పట్టికను ఈ కొలతతో చూడుడు. 10 మీటర్లలో 2.8 లెన్సు మన హమాలీనైనను నిశ్చయముగ పోల్చనీయదు. 4 లెన్సు తెలిసినవానిని చూపును గాని క్రొత్తవానిని పట్టియీయదు. 8 లెన్సు ఆ పని చేయగలదు.

చిత్రమును తరువాత పెద్దది చేసికొనవచ్చును గదా యని కొందఱందురు. పలుచని మజ్జిగ కుండ మార్చినంత మాత్రమున చిక్కబడదు. మెగాపిక్సెళ్లు పెంచిన చాలదా యని మఱికొందఱందురు. 8 మెగాపిక్సెళ్ల కెమెరాకు అడ్డముగా 3840 చుక్కలున్నను, అంతే సెన్సారుపై 2.8 లెన్సు బిగించినచో 10 మీటర్లలో మీటరునకు 224 మాత్రమే వచ్చును.

పనినిబట్టి లెన్సు

బెజవాడ యొద్ద 1957లో పూర్తియైన ప్రకాశం బారేజీని ఎఱుగనివారు మనలో లేరు. దానికి 70 ద్వారములు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. 10 మీటర్ల దూరమునుండి 4 లెన్సు చూపునది అట్టి ద్వార మొక్కదాని వెడల్పు మాత్రమే. బారేజీ నంతయు ఒక్క చిత్రమున చూడగోరినచో ప్రవాహమును, జనసమూహమును చూడగలముగాని మనిషిని గుర్తింపలేము. అట్టి చూపును కొన్ని పనులకు అవసరమే. 2016 ఆగస్టు 12 మొదలు 23 వఱకు జరిగిన కృష్ణా పుష్కరములలో ఏ ఘట్టము నిండినది, ఏ దారి ఖాళీగానున్నది అని తెలిసికొనుటకు వెడల్పు చూపే కావలయును. స్నానమాడు ప్రతివాని ముఖముతో పనిలేదు. మన గిడ్డంగి పని ఇందుకు విరుద్ధము. ఇచట కావలసినది సమూహము కాదు, ముఖము.

కాబట్టి రెండు పనులను ఒక కెమెరాకు అప్పగింపరాదు. ఆవరణమంతయు కనబడుటకు 2.8 గాని 4 గాని లెన్సుగల కెమెరా యొకటి; అందఱును దాటిపోవలసిన వాకిలివైపు 8 గాని 12 గాని లెన్సుగలది మఱొకటి యుండవలయును. దూరము ముందుగా తేలనిచోట 2.8 నుండి 12 వఱకు మార్చుకొనదగిన లెన్సును గొనుట మేలు. వాకిటి కెమెరాను మిక్కిలి యెత్తున కట్టినచో తలపాగాలే కనబడును. 10 మీటర్ల దూరమునకు 3 మీటర్ల యెత్తు చాలును. పెద్ద యంకెగల లెన్సు కొంచెపు కదలికను గూడ పెద్దది చేసి చూపును గనుక, ఊగులాడు వెదురునకు గాక గోడకే బిగింపవలయును. పొరుగువారి పెరటివైపు దానిని త్రిప్పరాదు.

రాత్రి సంగతి

దొంగ సాధారణముగా పగలు రాడు. లెన్సుపై ఎఫ్ అను నక్షరము ప్రక్కనున్న అంకె ఎంత చిన్నదైన అంత వెలుతురు లోనికి వచ్చును, ఎఫ్ 1.4 లెన్సు ఎఫ్ 2 దానికంటె రెట్టింపు వెలుతురు నిచ్చును. కంటికి కనబడని పరారుణ కాంతితో రాత్రి చూచు కెమెరాకు, ఆ కాంతిలోను స్పష్టత చెడని లెన్సుండవలయును. లేనిచో పగలు నిర్మలముగనున్న చిత్రము రాత్రి మసకబాఱును. ఆ దీపమునకు పురుగులు, పురుగులకై సాలెపురుగులు చేరి గూళ్లు కట్టును; గూడు తెల్లగా మెఱసి చిత్రమును కప్పివేయును. ఊక ధూళియు నట్టిదే. వారమున కొకసారి మెత్తని గుడ్డతో తుడుచుట కావలివాని పనులలో చేర్పుడు. పుష్యమాసపు పొగమంచులో ఏ లెన్సును సరిగా చూడలేదు. ఆ దినములలో మనిషి కావలియే శరణ్యము.

సొమ్ము చెల్లించుటకు ముందు

వర్తకుడు అంగడిలో చూపిన చిత్రమును నమ్మి సొమ్ము చెల్లింపకుడు. కెమెరాను తాత్కాలికముగ కట్టించి, దొంగ నిలువగల చోటనే చీకటివేళ ఒక సభ్యుని నిలువబెట్టి, ఆ చిత్రమును అతని నెఱుగనివారికి చూపుడు. మఱునాడు పదిమందిలో వారతనిని పోల్చగలిగినచో ఆ లెన్సు తగినది. లారీ దీపములు ఎదురుగ వెలుగుచుండగా సంఖ్యాఫలకము చదువవచ్చునో లేదో యదియు చూడుడు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము ప్రకారము, ఇట్టి చిత్రమును న్యాయస్థానమున దాఖలు చేయునపుడు ధ్రువపత్రము జతపఱుపవలయును. కాని చిత్రములో లేని ముఖమును ఏ ధ్రువపత్రమును తెచ్చియీయజాలదు.

సంఘముల పాలకవర్గములవారు కెమెరాకై తీర్మానము చేయునపుడు మూడు మాటలు అందులో వ్రాసికొనవలెనని మా మనవి: ఏ చోటును చూడవలయును? ఎంత దూరమునుండి? మనిషి యున్నాడని తెలిసిన చాలునా, వాడెవడో తెలియవలయునా? ఈ మూడింటికి బదులు దొరకినచో లెన్సు అంకె తనంతట తానే తేలును. అపుడు గిడ్డంగిలోని బస్తాతోపాటు దానిని మోయు హమాలీ మర్యాదయు భద్రముగ నుండును.