మేలుకోని యంత్రం

కంప్యూటరు మొరాయించినప్పుడు మనం మొదట చేసే పని కంగారు పడటం. రెండవది మీటను పదే పదే నొక్కడం. ఈ రెండింటివల్లా ప్రయోజనం లేదు. వైద్యుడు రోగిని చూడగానే మందు రాయడు. నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు, బాధ ఎప్పటినుంచో అడుగుతాడు. ఆయుర్వేదం దీనిని 'నిదానం' అన్నది. వాడుకలో నిదానమంటే తొందరపాటు లేకపోవడం. శాస్త్రంలో రోగకారణాన్ని గుర్తించడం. యంత్రం ముందు కూర్చున్నవారికి ఆ రెండు అర్థాలూ అవసరమే.

కారణం తెలియాలంటే ముందు కంప్యూటరు ఎట్లా మేలుకొంటుందో తెలియాలి. మీట నొక్కగానే వెనుకనున్న ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు అందిస్తుంది. అప్పుడు ప్రాసెసరు మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్పులో నిక్షిప్తమైన ఆదేశాలను చదువుతుంది. పాత యంత్రాలలో వీటిని బయాస్ అనేవారు. నేటి యంత్రాలలో యూఈఎఫ్ఐ అంటున్నారు. ఆ ఆదేశాలు మెమరీని, కీబోర్డును, తెరను పరీక్షించి, డిస్కును వెదకి, అందులోని ఆపరేటింగ్ సిస్టంను తెచ్చి నిలబెడతాయి. ఎంత నేర్పరియైన నటుడైనా తన భుజాల మీద తానే ఎక్కలేడని మన తార్కికులు చెప్పే న్యాయమొకటి ఉన్నది. తన బూట్ల పట్టీలు తానే లాగి తన్ను తాను పైకెత్తుకోవడమనే ఆంగ్లేయుల పలుకుబడి నుంచే 'బూట్' అనే మాట పుట్టింది. మన తార్కికులు కాదన్న పనినే యంత్రం రోజూ చేస్తున్నది. ఆ చిన్న చిప్పు దానికి నిచ్చెన.

కనుక యంత్రం ఏ మెట్టు మీద ఆగిందో చూడటమే పరీక్షలో సగం. దీపం వెలగక, ఫ్యాను తిరగకపోతే లోపం విద్యుత్తుది. ప్లగ్గు, తీగ, యూపీఎస్, పెట్టె వెనుకనున్న చిన్న స్విచ్చు వరుసగా చూడాలి. నవ్వులాటగా తోచవచ్చు కాని, ఊడ్చేటప్పుడు చీపురు తగిలి వదులైన తీగ ఎందరినో మరమ్మతు దుకాణానికి నడిపించింది. ల్యాప్‌టాప్ అయితే చార్జరు తీసి, పవరు మీటను అర నిమిషం నొక్కిపట్టి, చార్జరును తిరిగి తగిలించి చూడాలి.

ఫ్యాన్లు తిరుగుతూ తెర మాత్రం చీకటిగా ఉండటం రెండవ మెట్టు. ఇక్కడ నా అనుభవమొకటి చెప్పాలి. 2006లో నా పరిశోధన ముగింపునకు వచ్చింది. నాలుగేళ్లపాటు తాళపత్ర ప్రతులను పోల్చి సేకరించిన పాఠాంతరాలన్నీ ఒకే కంప్యూటరులో ఉన్నాయి. మరొక నకలు లేదు. ఒకనాటి ఉదయం ఫ్యాను తిరిగింది, తెర వెలగలేదు, లోపలినుంచి బీప్ శబ్దం ఆగి ఆగి వినవచ్చింది. ఒక మరమ్మతు దుకాణంవారు వచ్చి, "ఫార్మాట్ చేయాలి సార్, పాతవేవీ మిగలవు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అప్పటికి ఇంటర్ చదువుతున్న నా శిష్యుడొకడు ఆ శబ్దాన్ని శ్రద్ధగా విని, "సార్, ఇది ఇంకా డిస్కుదాకా పోనేలేదు. డిస్కును చెరిపితే ఏం లాభం?" అన్నాడు. తీగలన్నీ ఊడదీసి, లోపలి ర్యామ్ పలకను బయటికి తీసి, దాని బంగారురంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, ఇరువైపుల కొక్కేలు టక్కుమనేదాకా నొక్కి కూర్చోబెట్టాడు. యంత్రం మేలుకొన్నది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయామని నాకప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే పాఠాంతరాలన్నిటిని రెండు సీడీలలోకి ఎక్కించాను. బీప్ శబ్దాల అర్థం బోర్డును బట్టి మారుతుంది. దానితో వచ్చిన చిన్న పుస్తకంలో వివరం ఉంటుంది.

తెర వెలిగి, తేదీ ఏ పాత సంవత్సరానికో వెళ్లిపోతే, మదర్‌బోర్డు మీది నాణెమంత 3 వోల్టుల బ్యాటరీ అయిపోయిందన్నమాట. బూట్ చేయదగిన డిస్కు లేదని చెబితే, ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా తగిలించి మరచిపోయారేమో చూడండి. హార్డ్‌డిస్కు టకటకమని కొట్టుకుంటుంటే మాత్రం యంత్రాన్ని మళ్లీ మళ్లీ వేయరాదు. ప్రతి ప్రయత్నమూ మిగిలినదాన్ని మరింత చెరపవచ్చు.

చివరి మెట్టు ఆపరేటింగ్ సిస్టంది. విండోస్ వరుసగా రెండుసార్లు లేవలేకపోతే సాధారణంగా మరమ్మతు తెరను తానే చూపుతుంది. అందులోనుంచి సేఫ్ మోడ్‌కు వెళ్లవచ్చు. అది పథ్యం మీదనున్న రోగి వంటిది; అత్యవసరమైన వాటితో మాత్రమే పని సాగిస్తుంది. కొత్తగా చేరిన ప్రోగ్రామును అక్కడ తొలగించవచ్చు.

దీని విలువ లోకానికంతటికీ 2024 జూలై 19న తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతాసంస్థ ఉదయం 9 గంటల 39 నిమిషాలకు పంపిన ఒక చిన్న ఫైలులోని దోషంవల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వద్ద ఆగిపోయాయి. సంస్థ 78 నిమిషాలలో తప్పు దిద్దుకొన్నది. కాని మేలుకోలేని యంత్రం ఆ దిద్దుబాటును అందుకోవడమెట్లా? హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులను చేతితో రాసి ఇచ్చారు. సిబ్బంది అనేక యంత్రాలను విడివిడిగా సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలును తొలగించవలసి వచ్చింది. బిట్‌లాకర్‌తో డిస్కుకు తాళం వేసినచోట 48 అంకెల సంకేతసంఖ్య అడ్డు నిలిచింది. కొన్నిచోట్ల ఆ సంఖ్య దాచినది కూడా ఆగిపోయిన మరో కంప్యూటరులోనే! మీ కంప్యూటరుకు అట్టి తాళమున్నదేమో, అది బాగున్న రోజునే చూసి, ఆ సంఖ్యను కాగితం మీద రాసి పెట్టుకోండి.