వెంటిలేటర్ అన్నారని బెదిరిపోకండి: ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు సూచన (తెలంగాణ)

ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఎక్కువైందా? వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 90 కన్నా తక్కువ చూపిస్తోందా? ఆలస్యం చేయొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రిలో ముందుగా ముక్కు గొట్టం లేదా మాస్కుతో ఆక్సిజన్ ఇస్తారు. చాలకపోతే బైపాప్ మాస్కుతో గాలిని ఒత్తిడితో పంపిస్తారు. అదీ సరిపోకపోతే నోటి గుండా శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెడతారు. అది జబ్బును నయం చేసే మందు కాదు. మందులు పనిచేసే దాకా రోగి తరఫున ఊపిరి ఆడిస్తుంది. గొట్టం ఉన్నంతసేపు రోగి మాట్లాడలేరు, కంగారుపడొద్దు.

నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. రేషన్ కార్డు, ఆధార్ చూపించి, మీ చికిత్స పథకంలో ఉందో లేదో అడగండి. ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. పథకంలో ఉన్న చికిత్సకు డబ్బు కట్టమంటే 104కి చెప్పండి.