శ్యైనికశాస్త్రము – డేగల పక్షపాతకాల పరిరక్షణము

‘పక్షపాత’ శబ్దమునకు నేడు లోకమున ప్రసిద్ధమైన అర్థము ఒకవైపు మొగ్గుట. అవయవార్థమును గైకొన్నచో అది పక్షముల పాతము, అనగా ఈకలు రాలుట. పక్షులు పాత ఈకలను విడిచి క్రొత్తవానిని ధరించుట అనునర్థము కూడ ఈ పదమునకు నిఘంటువులలో కలదు. వేటడేగలను పెంచినవారికి సంవత్సరమున మిక్కిలి జాగరూకత వలసిన కాలమిది. వేట సాగు నెలలలో పక్షి చూపు సామర్థ్యమంతయు వేట లేని ఈ నెలల పోషణపై ఆధారపడియుండును.

డేగను విడిచి చేయు వేటకు ‘శ్యైనంపాతా’ అను పేరు పాణిని నాటికే కలదు. అష్టాధ్యాయిలోని 6.3.71 సూత్రము ఈ రూపమును సాధించుచున్నది. కల్యాణీ చాళుక్యప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున కూర్చిన మానసోల్లాసమున శ్యేనవినోదము చోటు చేసికొన్నది. 16వ శతాబ్దమున కుమావూ ప్రభువగు రుద్రదేవుడు ఈ విద్యకే ప్రత్యేకముగా శ్యైనికశాస్త్రమును రచించెను. ఏడు పరిచ్ఛేదముల ఈ గ్రంథమును హరప్రసాదశాస్త్రి 1910లో ఆంగ్లానువాదముతో కలకత్తా నుండి ప్రకటించిరి. తెలుగున ‘సాళువము’ అనగా వేటడేగ. విజయనగరము నేలిన సాళువవంశము పేరున ఈ పదమే నిలిచియున్నది.

శ్యైనికశాస్త్రమున ఐదవ పరిచ్ఛేదము పక్షుల పోషణమునకు, చికిత్సకు సంబంధించినది. వేసవిలో పక్షులను చల్లని తావుల నుంచవలెనని అందు చెప్పబడినది. దీనిని రాజభోగ వర్ణనముగా తలచుటకు అవకాశము కలదు. ఈకల మార్పు జరుగు తీరును తెలిసికొన్నపుడు మాత్రమే ఇది భోగము కాదనియు, శరీరధర్మము ననుసరించిన విధి యనియు స్పష్టమగును.

ఈక కెరాటిన్ అను పదార్థముచే నిర్మితము. పూర్తిగా పెరిగిన పిమ్మట అది నిర్జీవము. విరిగినచో తిరిగి అతుకుకొనదు, రాలినపుడే దాని స్థానమున క్రొత్తది మొలచును. పెరుగుచున్న ఈక కాడలో మాత్రము రక్తము ప్రవహించుచుండును. ఆ దశలో దెబ్బ తగిలినచో కాడ విరిగి నెత్తురు కారును, ఈక వంకరగా పెరుగవచ్చును. ఆకలి, వ్యాధి, భయము కలిగిన దినములలో పెరిగిన భాగమున అడ్డముగా సన్నని గీత ఏర్పడును. అచ్చట ఈక బలహీనమై, నెలల తరువాత వేటలో సరిగా ఆ గీతకడనే విరుగును. కావున ఈ కాలమున ఒక్కనాటి ఉపవాసము కూడ పక్షిదేహముపై వ్రాతగా మిగిలిపోవును.

శ్యైనికశాస్త్రము వేటపక్షులను కృష్ణాక్షములు, పాటలాక్షములు అని కన్నుల రంగును బట్టి విభజించినది. పారసీక సంప్రదాయమున సియాహ్‌చష్మ్, గులాబ్‌చష్మ్ అను విభాగము దీనికి సమానము. భైరి డేగ మొదటి వర్గమునకు, బాజ్ అనబడు పెద్ద డేగ రెండవ వర్గమునకు చెందును. ఇది కేవలము బాహ్యలక్షణము కాదు. రెండు వర్గములందును రెక్కకు పెద్ద ఈకలు పదేసి, తోకకు పండ్రెండు. అయినను భైరి రెక్కలో లోపలినుండి నాల్గవ ఈక మొదట రాలి, అచ్చటినుండి ఇరువైపులకు మార్పు సాగును. బాజులో మొదటి ఈకతో నారంభమై వెలుపలి దిశకు మాత్రమే సాగును. ఈ రెండు వర్గములు వేర్వేరు వంశములనియు, భైరి జాతికి బాజు కంటె చిలుకలే దగ్గరి చుట్టములనియు 2008లో జన్యుపరిశోధనలు తెలిపినవి. ప్రాచీనుల విభాగము ఎంత నిశితమైన పరిశీలనము నుండి వచ్చినదో దీనివలన గ్రహింపవచ్చును.

భైరి డేగలో ఈ మార్పు ముగియుటకు సుమారు నాలుగు నుండి ఆరు నెలలు పట్టును. ఈ కాలమున పోషకుడు పాటింపవలసిన ప్రధాననియమము నిశ్చలత. పక్షిని విశాలమైన గదిలో విడిచియుంచుట ఒక పద్ధతి. పీటపై కట్టి, దినదినము మెల్లగా చేతికెక్కించుకొనుచు మచ్చిక చెడకుండ కాపాడుట మరియొక పద్ధతి. మొదటి దానిలో ఈకలకు రక్షణ ఎక్కువ, పక్షి మరల అడవితనమును పొందును. రెండవ దానిలో మచ్చిక నిలుచును, బెదరి కొట్టుకొన్నచో లేతకాడలకు హాని. పక్షి స్వభావమును బట్టి పోషకుడు నిర్ణయించుకొనవలెను. ఏ పద్ధతియందైనను దేహమును చేతితో పట్టి అదుముట కూడదు.

వేటదినములలో ఆకలి నిలుపుటకై మితముగా పెట్టిన ఆహారమును ఇపుడు కడుపునిండ పెట్టవలెను. కండమాంసము మాత్రమే చాలదు. ఎముకలతో కూడిన చిన్నపిట్టల వంటి పూర్ణాహారము వలయును. స్నానమునకు శుభ్రమైన నీరు, నీడ, గాలి, క్రమమైన వెలుతురు అవసరము. ఈకలు త్వరగా రాలవలెనని గొంతుగ్రంథి మాంసమును పెట్టు ఆచారము కొన్నిచోట్ల ఉండెడిది. మోతాదు మించినచో అది ప్రాణాపాయకరము.

చివరి ఈక కాడనుండి రక్తము తగ్గి గట్టిపడువరకు వేటశిక్షణ నారంభింపరాదు. ఆహారమును కూడ క్రమక్రమముగానే తగ్గింపవలెను. రాలిన ఈకలను పారవేయక క్రమముగా భద్రపరచుట మంచి పోషకుని లక్షణము. మున్ముందు ఈక విరిగినపుడు, కాడను కోసి, సన్నని సూదివంటి పుల్లతో పాత ఈక నతికించుటకు అవి పనికివచ్చును. ఈ పద్ధతిని 13వ శతాబ్దమున చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ తన లాటిన్ గ్రంథమున వివరించెను.

ఈ కాలమున పక్షులుండు గృహమునకు ఆంగ్లమున ‘మ్యూస్’ అని పేరు. మార్పు అను అర్థముగల లాటిన్ ధాతువు దానికి మూలము. లండనులో చేరింగ్ క్రాస్ కడనున్న రాజగృహము 1534లో కాలిపోగా, పిమ్మట అచ్చట అశ్వశాలలు నిర్మింపబడినవి. పక్షులు పోయినను పేరు మాత్రము అశ్వశాలలకు నిలిచినది.

భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము డేగలను పట్టుటను, వేటకు పెంచుటను నిషేధించినది. అది సముచితము. అయినను గాయపడిన పక్షులను స్వస్థపరచి ఆకాశమునకు విడుచువారికి నేడును ఈ జ్ఞానమే ఆధారము; ఈకలు నిండని పక్షిని విడుచుట దానిని ఆకలికి అప్పగించుటయే. కావున శ్యైనికశాస్త్రమును పఠించువారు, పరిష్కరించువారు వేటఘట్టములతోపాటు పోషణ పరిచ్ఛేదమునకును సమానస్థానమీయవలెను. దాని పదములకు అర్థనిర్ణయము కోశములతో మాత్రమే ముగియదు. పక్షి రెక్కను కూడ పరిశీలించినపుడే పూర్ణమగును.