గ్రాఫీన్ ఆక్సైడ్‌కు ఒకే రేటు లేదు

గ్రాఫీన్ ఆక్సైడ్ కిలో ఎంత అని అడిగేవారిని ముందుగా “దేనికి?” అని అడగవలసి ఉన్నది. ధాన్యం రేటు అడిగితే ఏ రకం, తేమ ఎంత అని తెలుసుకోకుండా మన మిల్లర్లు నోరు విప్పరు. దుగ్గిరాల పసుపుకైనా, గుంటూరు మిర్చికైనా అదే పద్ధతి. ఈ సరుకును మాత్రం పేరు విని బేరమాడితే చేతులు కాల్చుకున్నట్లే.

దీనికి ముడిసరుకు గ్రాఫైట్. రాజమండ్రి మూసల తయారీదారులకు అది పాత సరుకే. ప్రపంచ సరఫరాలో సింహభాగం చైనాది. ఆ దేశం 2023 డిసెంబరు 1 నుంచి కొన్ని రకాల గ్రాఫైట్ ఎగుమతులకు పర్మిట్లు పెట్టింది. అదే ఏడాది మన కేంద్ర ప్రభుత్వం 30 కీలక ఖనిజాల జాబితాలో గ్రాఫైట్‌ను చేర్చింది. అయినప్పటికీ గ్రాఫీన్ ఆక్సైడ్ ఖర్చులో అసలు బరువు గ్రాఫైట్‌ది కాదు.

1958లో హమ్మర్స్, ఆఫ్‌మన్ ప్రచురించిన పద్ధతి ప్రకారం 100 గ్రాముల గ్రాఫైట్‌కు 300 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్, 50 గ్రాముల సోడియం నైట్రేట్, 2.3 లీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. అనగా కిలో గ్రాఫైట్‌కు 23 లీటర్ల ఆమ్లం! ఆ తర్వాత పలుమార్లు నీటితో కడగాలి. ఆమ్లం, మాంగనీసు కలిసిన ఆ కడుగు నీటిని బందరు కాలువలోకో, ఏలూరు కాలువలోకో వదలడానికి వీలు లేదు. 2010లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వారు నైట్రేట్ తీసివేసి ఫాస్ఫారిక్ ఆమ్లం చేర్చారు. దానితో విషవాయువుల బెడద తప్పింది గాని ఆమ్లం భారం తప్పలేదు.

ఇంత చేసినా వచ్చేది సగం సరుకే. పొరలకు ఆక్సిజన్ పట్టినందున పొడి నీటిలో చక్కగా కలుస్తుంది. అయితే విద్యుత్తును ప్రసరింపజేసే గుణం పోతుంది. ప్రసరణ కావాలంటే హైడ్రజీన్‌తోనో, విటమిన్ సి తోనో ఆక్సిజన్‌ను చాలావరకు తొలగించాలి. అప్పుడు కూడా పాత గుణం కొంతమేరకే తిరిగి వస్తుంది. ఎపాక్సీలో గట్టిగా అతుక్కోవాలంటే ఎమీన్ తగిలిస్తారు. నీటిలోని పాదరసాన్ని పట్టాలంటే గంధకం ఉన్న థయాల్ తగిలించాలి. అలా మార్చిన సరుకు మామూలు దానికంటే 6 రెట్లు పాదరసాన్ని పట్టినట్లు 2011లో రైస్ వారే ప్రకటించారు. ఫిల్టర్ల వారికి థయాల్ లేని సరుకు అంటగట్టిన వర్తకుడి వద్దకు ఆ సరుకు తిరిగి వచ్చి తీరుతుంది.

అసలు గ్రాఫైటే లేని దారి కూడా ఒకటున్నది. 2012లో మద్రాసు ఐఐటీ వారు చక్కెరను ఇసుకకు పట్టించి, గాలి తగలకుండా కాల్చి, గ్రాఫీన్ పూత తెప్పించారు. మన రైతులకు బాగా తెలిసిన క్లోర్‌పైరిఫాస్ మందును ఆ ఇసుక నీటి నుంచి తొలగించింది. అంతమాత్రాన ఉయ్యూరు చక్కెరకు గిరాకీ పెరుగుతుందని ఎవరూ సంబరపడనక్కరలేదు. ఇసుక రేణువుకు పట్టే పాకం ఎంతని!

కొనుగోలుదారులు లాటువారీ పరీక్ష రిపోర్టు లేనిదే అడ్వాన్సు ఇవ్వరాదు. కార్బన్, ఆక్సిజన్ పాళ్లు, పొరల సంఖ్య, ఏమి తగిలించారన్నది, మిగిలిపోయిన గంధకం, మాంగనీసు ఎంత అన్నది అందులో ఉండాలి. ఎండబెట్టిన పొడిలో పొరలు అతుక్కుని మళ్లీ సరిగా విడవవు. అందువల్ల నీటిలో కలిపి ముద్దగా అమ్మడం కద్దు. ముద్దయితే అందులో సరుకు ఎంత శాతమో రాయించుకోవాలి. లేకుంటే నీటికి లారీ బాడుగ కట్టినట్లవుతుంది.

నిలువ విషయంలోనూ జాగ్రత్త అవసరం. వేడి తగిలితే ఈ పొడి తనంతట తానే మరింత వేడెక్కి విచ్ఛిన్నమవుతుంది. సరిగా కడగక పొటాషియం లవణాలు మిగిలితే సులభంగా అంటుకుంటుంది. పత్తి బేళ్లు ఉన్న గోడౌనులో దీనిని దింపవద్దు.