ఇంట్లో పిల్లి ముసలిదై బాధపడుతుంటే.. వీడ్కోలు నిర్ణయం ఎప్పుడు, ఎలా?

పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు ఇంటికొచ్చిన పిల్లిపిల్ల, పాప డిగ్రీలో చేరేసరికి ముసలిదవుతుంది. అన్నం ముట్టదు, మంచం కింద నుంచి బయటికి రాదు. అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "దాన్ని ఇంకా బాధ పెట్టొద్దు, ఇంజెక్షన్ ఇప్పిద్దాం" అని ఒకరంటారు. "జాన్ తీయడం మన పని కాదు, సబ్ర్ చేద్దాం" అని ఇంకొకరంటారు. ఈ గొడవ తేలకముందే ఎవరో ఒకరు దాన్ని సంచిలో వేసి మార్కెట్ దగ్గర వదిలేసి వస్తారు.

మొదటి రెండు మాటల్లోనూ రహ్మ్ ఉంది. మూడో పనిలో మాత్రం లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి పట్టణాల్లో ఉండే కుటుంబాలు ఈ నిర్ణయాన్ని తొందరపడకుండా, ఆలస్యమూ చేయకుండా ఎలా తీసుకోవచ్చో చూద్దాం.

ముసలితనం వేరు, జబ్బు వేరు

10 ఏళ్ల పిల్లి అంటే మనుషుల లెక్కలో దాదాపు 56 ఏళ్లు. 15 ఏళ్లంటే దాదాపు 76. ఆ వయసులో ఎక్కువ నిద్రపోవడం, గోడ ఎక్కలేకపోవడం మామూలే. బాగా చిక్కిపోయిందంటే మాత్రం "ముసలిదైంది" అని వదిలేయొద్దు.

ముసలి పిల్లుల్లో తరచూ కనిపించేది కిడ్నీ జబ్బు. నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, బరువు తగ్గుతుంది. ఇది నయం కాదు గానీ తిండి మార్పుతో, చర్మం కింద సెలైన్‌తో కొన్ని పిల్లులు నెలలు, ఏళ్లు కూడా బాగానే బతుకుతాయి. థైరాయిడ్ ఎక్కువైతే బాగా తింటూనే చిక్కిపోతుంది, దానికి మాత్రలున్నాయి. పళ్లు పుచ్చిపోయి తినలేకపోతుంటే ఆ పళ్లు తీసేస్తే మళ్లీ తింటుంది. అందుకే వీడ్కోలు గురించి మాట్లాడుకునే ముందు ఒక్కసారైనా డాక్టర్‌కు చూపించి, రక్త పరీక్ష చేయించాలి.

పిల్లి నొప్పిని బయటపెట్టదు

కుక్క మూలుగుతుంది, పిల్లి దాక్కుంటుంది. అరవడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోవద్దు. ఒళ్లు నాక్కోవడం మానేసి వెంట్రుకలు జడలు కట్టడం, ముడుచుకుని కూర్చుని కళ్లు సగం మూయడం, ముట్టుకుంటే కరవబోవడం, ఇసుక తొట్టి దాకా పోలేక పడుకున్న చోటే మూత్రం పోయడం.. ఇవన్నీ దాని భాషలో నొప్పి మాటలే.

రెండు విషయాల్లో అసలు ఆగొద్దు. ఒకటి, పూర్తిగా తిండి మానేయడం. రెండు మూడు రోజులు తినకపోతే పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని అదే ప్రాణం మీదికి వస్తుంది. రెండు, శ్వాస. నిద్రలో నిమిషానికి 30 కంటే తక్కువసార్లు ఊపిరి తీసుకోవాలి. 40 దాటినా, నోరు తెరిచి రొప్పుతున్నా అదే రోజు తీసుకుపోవాలి.

క్యాలెండర్‌లో రాసుకోండి

రోజూ చూసే మనిషికి మార్పు తెలియదు. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఇందుకోసం ఒక లెక్క ఇచ్చారు. అందులో ఏడు విషయాలుంటాయి: నొప్పి, తిండి, నీళ్లు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు వేయాలి. మొత్తం 70కి 35 దాటితే సేవ చేస్తూ కొనసాగించవచ్చు. అంతకన్నా తగ్గుతూ పోతుంటే డాక్టర్‌తో గట్టిగా మాట్లాడాల్సిన టైం వచ్చినట్టు.

మార్కులు కష్టమనిపిస్తే గోడ క్యాలెండర్ చాలు. తిని, తిరిగి, మన ఒళ్లోకి వచ్చిన రోజుకు టిక్కు, లేని రోజుకు సున్నా. రెండు వారాల తర్వాత సున్నాలే ఎక్కువుంటే జవాబు కళ్ల ముందే ఉంటుంది. "ఇంకా ఉండాలి" అనుకుంటున్నది పిల్లి కోసమా, మన కోసమా అన్నది కూడా అప్పుడు తెలుస్తుంది.

దీన్ ఏం చెబుతోంది?

పిల్లి మీద దయ మన దీన్‌లో చిన్న విషయం కాదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి.) వుజూ నీళ్ల పాత్రను పిల్లి తాగడానికి వంచిన సంగతి అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా చంపిన స్త్రీకి శిక్ష పడిందన్న హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది.

ఇక బాధపడే జంతువు ప్రాణం తీయించడం గురించి ఉలమాల్లో ఒకే మాట లేదు. కోలుకునే ఆశ లేదని, బాధ తీవ్రంగా ఉందని తేలితే తక్కువ బాధ కలిగే పద్ధతిలో చేయించవచ్చని కొందరంటారు. మనం తినని జంతువును బాధ తప్పించడానికని చంపకూడదు, సేవ చేస్తూ అల్లాహ్ ఆజ్ఞ కోసం ఆగాలని మరికొందరంటారు. నొప్పి తగ్గించడం మంచి పని అన్నదాంట్లో మాత్రం ఎవరికీ పేచీ లేదు. అందుకని పిల్లి చివరి దశకు రాకముందే, డాక్టర్ చెప్పిన విషయాలన్నీ చెప్పి మీ ముఫ్తీ సాబ్‌ను అడగండి. "పిల్లికి బాలేదు" అని మాత్రమే చెప్తే సరైన జవాబు రాదు. జబ్బు ఏంటి, మందు ఉందా, నొప్పి మందుతో అదుపులో ఉందా అన్నవి చెప్పాలి.

ఎక్కడికి తీసుకుపోవాలి?

మన జిల్లాల సర్కారు పశువుల దవాఖానల్లో ఎక్కువగా చూసేది బర్రెలు, గొర్రెలు, మేకలనే. అయినా ముందు అక్కడే అడగండి. పెద్ద పరీక్షలు కావాలంటే వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. జనగామ, మహబూబాబాద్ నుంచి వరంగల్‌కు రైలుంది. భూపాలపల్లి వాళ్లు పరకాల మీదుగా బస్సులో రావచ్చు. బయల్దేరే ముందు ఫోన్ చేసి పిల్లుల డాక్టర్ ఏ టైంలో ఉంటారో కనుక్కోండి. ఎండాకాలమైతే పొద్దున్నే, గాలి ఆడే బుట్టలో పాత దుప్పటి వేసి తీసుకుపోవాలి.

డాక్టర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఇది తగ్గే జబ్బేనా? ఇంట్లోనే నొప్పి తగ్గించే మార్గం ఉందా? ఏమీ చేయకపోతే చివరి రోజులు ఎలా ఉంటాయి?

ఇంజెక్షన్ నిర్ణయమే అయితే, ముందు నిద్ర మత్తు ఇమ్మని అడగండి. పిల్లి నిద్రలోకి జారుకున్నాకే మత్తుమందు పెద్ద మోతాదులో ఇస్తారు, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉండవచ్చు, ఒకసారి ఒళ్లు కదలవచ్చు. అది నొప్పి కాదు.

ఇవి మాత్రం చేయొద్దు

జ్వరమనో నొప్పనో డోలో లాంటి పారాసిటమాల్ మాత్ర వేయొద్దు. పిల్లికి అది విషం, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. మనుషుల నొప్పి మాత్రలు ఏవీ డాక్టర్ చెప్పకుండా ఇవ్వొద్దు. ఎలుకల మందు పెట్టడం, నీళ్లలో ముంచడం అటు దీన్‌లోనూ ఇటు చట్టంలోనూ తప్పు. ఆకలితో, దాహంతో అల్లాడేలా జంతువును వదిలేయడం కూడా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమే. ఇంట్లో పెరిగిన ముసలి పిల్లి బజారులో కుక్కల మధ్య ఒక్క రాత్రి కూడా నిలవలేదు.

పోయిన తర్వాత

జంతువుకు జనాజా నమాజు, గుస్ల్ ఉండవు. పాత గుడ్డలో చుట్టి, బావికి దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతులో, అంటే రెండు మూడు అడుగుల కింద పాతిపెడితే చాలు. ఇంజెక్షన్‌తో పోయిన పిల్లి ఒంట్లో ఆ మందు ఉండిపోతుంది, తిన్న కుక్కలు, గద్దలు కూడా చనిపోవచ్చు. అందుకని మోరీలోనో చెత్తకుప్ప మీదనో పడేయొద్దు.

పిల్లలతో "ఎక్కడికో పారిపోయింది" అని చెప్పొద్దు. రోజూ గుమ్మం దగ్గర ఎదురుచూస్తారు. బిల్లీకి జబ్బు చేసింది, మందు పనిచేయలేదు, చనిపోయింది అని సూటిగా చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మట్టి వేసేటప్పుడు వాళ్లనూ పిలవండి.