దూరమునుండి త్రిప్పబడు దూరదర్శిని

దూరదర్శిని యనగానే కొండశిఖరముపై గుండ్రని కప్పుగల భవనమును, అందు పనిచేయు గొప్ప పండితులును మన మనస్సునకు తోచుదురు. కొందఱికి ధనవంతులైన జమీందారులును జ్ఞప్తికి వత్తురు. 1840లో విశాఖపట్టణమున గోడె వేంకట జగ్గారావుగారు తమ సొంత సొమ్ముతో వేధశాలను నెలకొల్పిరి గదా! అయితే ధనమును, పదవియు లేని సామాన్యులు తమ చేతులతో దూరదర్శినులను చేసికొని, వానిని పదుగురి యెదుట ప్రదర్శించుటయు, ఇప్పుడు వేఱొక గదిలోనో వేఱొక ఊరిలోనో కూర్చుండి వానిని త్రిప్పుటయు జరుగుచున్నవి. ఆ పని ఎట్లు సాధ్యమగునో మన విద్యార్థులకు తెలుపుటకే యీ వ్యాసము.

అమెరికా దేశమున వెర్మాంటు రాష్ట్రములో స్ప్రింగుఫీల్డు అను చిన్న పట్టణము కలదు. అచ్చట 1920లో రస్సెల్ పోర్టరు అను నాతడు దూరదర్శినులను చేయుట నేర్పుటకు ఒక తరగతిని ప్రారంభించెను. వచ్చినవారు 15 మంది పురుషులు, ఒక స్త్రీ. వారిలో పెక్కుమంది యంత్రముల కర్మాగారమున పనిచేయువారే గాని కళాశాలలలో ఖగోళశాస్త్రము చదివినవారు కారు. 1923లో వారొక సంఘముగా నేర్పడిరి. కొండమీద తామే కట్టుకొన్న చిన్న యింటి ముఖభాగమున 19వ కీర్తనయొక్క మొదటి మాటను వ్రాసికొనిరి. 1926 జూలైలో జరిగిన మొదటి సమావేశమునకు వచ్చినవారు సుమారు 20 మంది మాత్రమే. ఆ వేసవి సమావేశము నేటికిని అమావాస్య దగ్గఱపడు దినములలో జరుగుచున్నది. ఎవరి యంత్రమును వారే మోసికొని వత్తురు. పరీక్షకులు అద్దమును వేఱుగను, యంత్రపు పనితనమును వేఱుగను పరీక్షింతురు.

ఇంటిలో అద్దము చేయుట యెట్లు? సమానమైన రెండు గాజుబిళ్లలను తెచ్చి, నడుమ కార్బొరండపు పొడియు నీరును వేసి, పైదానిని క్రిందిదానిపై ముందునకు వెనుకకు రుద్దవలెను. రుద్దుచు బిళ్లను త్రిప్పుచుండవలెను. చేయువాడును బల్లచుట్టు తిరుగుచుండవలెను. అంతట పైబిళ్ల పల్లమగును, క్రిందిది ఉబ్బును. ఏ వైపునకు త్రిప్పినను ఒకదానితో నొకటి అతుకుకొను పల్లము గోళాకారము తప్ప వేఱొకటి కానేరదు. కావుననే అనుభవములేని చేతులకును ఆ యాకారము వచ్చును. పిమ్మట సన్నని పొడులతో అరగదీసి, కీలు పూసిన పలకపై ఎఱ్ఱని పొడితో మెఱుగు పెట్టుదురు. (నోవహు ఓడకు పూసిన కీలువంటిదే యిది.)

తుదకు మిగులు తప్పు వెలుగు తరంగపు పొడవులో ఎనిమిదవ వంతుకు, అనగా మిల్లీమీటరులో సుమారు 14,500వ వంతుకు మించరాదు. ఇంత సూక్ష్మమును కనుగొనుటకు కావలసిన సాధనము ఒక చిన్న దీపము, ఒక క్షురపు రేకు మాత్రమే. అద్దమునుండి తిరిగివచ్చు కాంతిని రేకు అంచుతో అడ్డగించిన యెడల అద్దములోని మిట్టపల్లములు నీడలుగా కనబడును. ఫ్రాన్సుదేశపు ఫూకో పండితుడు కనిపెట్టిన యీ పరీక్షకంటె చవుకయైనదియు, ఇంత గొప్పదియు నగు పరీక్ష మఱియొకటి యున్నదని నేననుకొనను.

ఇక త్రిప్పుట. భూమి తనచుట్టు తాను తిరుగుటకు 23 గంటల 56 నిమిషములు పట్టును. కావున నక్షత్రము సుమారు 4 నిమిషములకు ఒక డిగ్రీ చొప్పున జరుగుచుండును. యంత్రపు ముఖ్యమైన ఇరుసును భూమి యిరుసునకు సమాంతరముగా నిలిపినచో, ఆ యొక్క ఇరుసును మెల్లగా త్రిప్పిన చాలును. ఆ ఇరుసు ఎంత వాలుగా నుండవలెనో మన ఊరి అక్షాంశమే చెప్పును: స్ప్రింగుఫీల్డులో సుమారు 43 డిగ్రీలు, మన మచిలీపట్టణములో 16 డిగ్రీలే. అందుచే అచ్చటి యంత్రపు కొలతలను చూచి యిచ్చట చేయరాదు.

ఇరుసునకు 360 పండ్ల చక్రమును, దానికి మరచుట్లుగల చిన్న కడ్డీని తగిలింతురని యనుకొందము. కడ్డీ ఒక చుట్టు తిరిగిన చక్రము ఒక పన్ను, అనగా ఒక డిగ్రీ కదలును. కడ్డీని త్రిప్పు స్టెప్పరు మోటారు ఒక చుట్టునకు 200 అడుగులు వేయును. విద్యుత్తుచే ఒక్కొక్క అడుగును మఱల 16 భాగములు చేయవచ్చును. అప్పుడు డిగ్రీకి 3,200 చిన్న అడుగులు. నక్షత్రమును వెంబడించుటకు సెకనుకు 13కు కొంచెము పైగా అడుగులు వేసిన చాలును. పై తరగతి బాలురు ఈ లెక్కను కట్టి చూడుడు.

మోటారునకు ఆజ్ఞ యిచ్చునది అరచేతిలో పట్టు చిన్న కంప్యూటరు. 2012నుండి విక్రయింపబడుచున్న రాస్ప్‌బెర్రీ పై వంటివి యిందుకు చాలును. అయినను పండ్ల నడుమ సందువలన యంత్రము తప్పుచోటు చూపుట సహజము. కావున కంప్యూటరు మొదట ఒక ఛాయాచిత్రము తీసి, అందలి చుక్కల అమరికను తన పట్టికతో పోల్చి, తానెచ్చటికి చూచుచున్నదో తెలిసికొని, తప్పినంత మేర దిద్దుకొనును. త్రోవ తప్పిన బాటసారి మైలురాయిని చదువుకొనినట్లే. వాన వచ్చినను, తీగె తెగినను పైకప్పును తానే మూసికొనునట్లు చేయుటయే యన్నిటికంటె కష్టమైన పని.

చూచువాడు యంత్రమునకు దూరముగా నుండవలెనన్న కోరిక చలివలన పుట్టినది. స్ప్రింగుఫీల్డులోనే జేమ్సు హార్ట్‌నెస్ అను యంత్రకారుడు 1910లో చూచువాడు వెచ్చని గదిలో కూర్చుండునట్లు ఒక దూరదర్శినిని కట్టెను. 1930లో పోర్టరు కొండమీద అట్టిదే మఱియొకటి కట్టెను. మన దేశమున లడఖులోని హాన్లెయందు సముద్రమట్టమునకు సుమారు 4,500 మీటర్ల యెత్తున నున్న 2 మీటర్ల దూరదర్శినిని బెంగుళూరు దగ్గఱి హోసకోటనుండి ఉపగ్రహము ద్వారా నడపుదురు. ప్రదర్శనశాలలలో దీపములు వెలుగుచుండగా, పట్టపగలు నక్షత్రములను చూపుటకును ఇదే యుపాయము: భూమికి అవతలి వైపు రాత్రియైన చోట నున్న యంత్రమును ఇచ్చటినుండి అడుగుట.

అయితే తెరమీద బొమ్మ చూచుట నక్షత్రమును చూచుట యగునా అని కొందఱు ఆక్షేపింతురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. శనిగ్రహపు వలయమును మొదటిసారి తన కంటితో చూచినవాని ముఖము వేఱు. కాని పెద్ద యంత్రపు కంటికటకమునొద్దకు నిచ్చెన యెక్కలేని కుంటివాడును, మంచమును విడువలేని రోగియు, వానిని చూచుకొను తల్లియు కలరు గదా! వారికి ఆ తెరయే ద్వారము. ఆక్షేపించువారు వారినడిగి ఆక్షేపింపవలెనని నా అభిప్రాయము.

చేయగోరు విద్యార్థి మోటారుతో మొదలుపెట్టక, ఆరంగుళముల అద్దముతోను, చేతితో త్రిప్పు చెక్కపీఠముతోను మొదలుపెట్టుట మంచిది. తక్కినవి పిమ్మట తగిలింపవచ్చును. పగటివేళ గొట్టపు మూత తీయరాదు, సూర్యునివైపు త్రిప్పరాదు. ఒక్క క్షణములో కన్ను పోవును.